ఆ చిన్న నాబ్‌లోనే ఉందంతా

కారుకి కాయిలోవర్లు (స్ప్రింగూ డ్యాంపరూ కలిపి, ఎత్తు మార్చుకునేలా వచ్చే సస్పెన్షన్) వేయించాక అందరూ బండి ఎత్తు ఎంత తగ్గించావ్ అనే అడుగుతున్నారు, డ్యాంపింగ్, అంటే స్ప్రింగు ఊపుని ఆపే గట్టిదనం, ఎంత పెట్టావని ఒక్కళ్ళూ అడగట్లేదు, నాకైతే అసలు విషయమంతా అక్కడే ఉందండి. బరువు మోసేది స్ప్రింగు, దాని ఊపుని ఆపేది డ్యాంపర్‌లో సన్నటి దారుల్లోంచి పోయే ఆయిలు, డ్యాంపర్ మీదుండే చిన్న నాబ్ బిగిస్తే ఆ దారి ఇరుకవుద్ది.

మన రావులపాలెం, అమలాపురం వైపు కాలవ గట్టు రోడ్లు చూడండి, కింద మెత్తటి మట్టి కుంగి తారంతా పొడుగు అలల్లా ఉంటది, అక్కడ కాస్త గట్టిగా పెడితే బండి ఒక్కసారి లేచి కుదురుకుంటుంది, ఎంత హాయో. అదే సెట్టింగుతో వరస గతుకుల్లోకి దిగితే మాత్రం స్ప్రింగు సాగేలోపే ఇంకో గతుకు వచ్చేసి బండి కిందకి నొక్కుకుపోద్ది, నడుం విరిగిపోద్ది.

నాబ్ బలవంతం చెయ్యకుండా పూర్తిగా గట్టి వైపు తిప్పి అక్కణ్ణుంచి క్లిక్కులు వెనక్కి లెక్కపెట్టుకోండి, ఎడమా కుడీ ఒకేలా ఉండాలి. ముందువైనా వెనకవైనా ఒకసారికి ఒక్క జతే మార్చి, అదే రోడ్డు, అదే స్పీడు, టైర్లలో అదే గాలితో తిరిగితేనే తేడా తెలుస్తుంది. అమ్మ ఎక్కే రోజు వెనకవి కొంచెం వదులు చేస్తా, ముక్తేశ్వరం దాకా హాయిగా నిద్రపోద్ది!

వానాకాలం బురద పట్టి నాబ్ బిగుసుకుపోద్ది, కడిగేటప్పుడు అక్కడ కూడా తుడవండి.