ఫిన్స్ ఎంచుకోవడానికి నాకు ఏడాది పట్టింది

నిన్న పొద్దున ఋషికొండ దగ్గర కొత్త ఫిన్స్ (ఈతకు కాళ్ళకు తొడుక్కునే రబ్బరు రెక్కలు) వేసుకుని, స్కూబా డైవింగ్ చేస్తూ 42 నిమిషాలు నీళ్ళలో ఉండి వచ్చాను. ఒక్కసారి కూడా పిక్క పట్టలేదు. పడవ ఎక్కాక తల దించుకుని ఓ మూల కూర్చోవలసిన పని పడలేదు. ఏడాది తర్వాత ఇదే మొదటిసారి. ఆ సంతోషం చల్లారకముందే రాసేయాలని కూర్చున్నాను.

ఓపెన్ వాటర్ కోర్సు, అంటే స్కూబాలో మొదటి మెట్టు, దాని గురించి చెప్పుకోవలసింది పెద్దగా లేదు. నాలుగు రోజులు. 200 మీటర్ల ఈత, పది నిమిషాలు నీటి మీద తేలడం. పన్నెండేళ్ళుగా వారానికి ఐదు రోజులు పూల్‌కి వెళ్ళే మనిషిని నేను. 46 ఏళ్ళ వయసులో, మా బ్యాచ్‌లో పాతికేళ్ళ కుర్రాళ్ళకన్నా ముందు ఆ ఈత ముగించాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, తర్వాత జరిగినదానికి ఈ సంగతి అవసరం.

కోర్సులో ఇచ్చినవి ఫుల్ ఫుట్ ఫిన్స్. చెప్పులోకి దూర్చినట్టు వట్టి పాదం దూర్చేయడమే, మడమ కూడా రబ్బరు లోపలే ఉంటుంది. తేలిగ్గా ఉంటాయి, బ్యాగులో పడతాయి. మన వేడి సముద్రాలకు, పడవలోంచి దూకేవాళ్ళకు ఏ ఇబ్బందీ లేదు. కానీ అద్దెవి ఎవరి పాదానికీ సరిగ్గా సరిపోవు. నాకు రెండో రోజుకే చిటికెన వేలు, మడమ బొబ్బలెక్కాయి. పైగా ఒడ్డు నుంచి రాళ్ళ మీద నడిచి దిగాలంటే వట్టి పాదాలతో కుదరదు. అందుకని బూటీలు (గట్టి అడుగున్న మెత్తటి రబ్బరు బూట్లు) తొడుక్కుని, వెనకాల పట్టీ బిగించుకునే ఓపెన్ హీల్ ఫిన్స్ సొంతంగా కొనుక్కోవాలని నిర్ణయించుకున్నాను. ఇంతవరకూ నా ఆలోచన సరైనదే.

తప్పు షాపులో జరిగింది. అదొక పెద్ద ఊళ్ళో పెద్ద షాపు. అక్కడ నన్ను నా వయసు అడిగారు, మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగారు. ఎక్కడ డైవ్ చేస్తానో, నీళ్ళలో కాళ్ళు ఎలా కొడతానో మాత్రం ఎవరూ అడగలేదు. "మేడం, మీ వయసుకి స్ప్లిట్ ఫిన్సే కరెక్ట్" అని తేల్చేశారు. బ్లేడు, అంటే ఫిన్ ముందుండే చదునైన రెక్క, మధ్యలో నిలువునా చీలి ఉంటుంది, శ్రమ తక్కువ, మోకాలికి హాయి అన్నారు. నా సైజు బూటీలు స్టాకులో లేవు. "ఫిన్ లార్జ్ తీసుకోండి, బూటీలు తర్వాత ఎక్కడ కొన్నా పడుతుంది" అన్నారు. 14,500 రూపాయలు కట్టాను. బూటీ లేకుండా ఫిన్ కొనడం అంటే కాలి కొలత ఇవ్వకుండా బూట్లు కుట్టించుకోవడమే. అమ్మేవాళ్ళకు ఆ మాత్రం తెలియదా? తెలుసు. ఆ రోజు ఆ పెట్టె అమ్ముడుపోవడమే వాళ్ళకు కావలసింది.

ఇక అసలు సంగతి. జనవరిలో అండమాన్ వెళ్ళాను, హేవ్‌లాక్‌కి. 2018 నుంచి దాని పేరు స్వరాజ్ ద్వీప్, కానీ పడవల మీద అందరూ ఇంకా హేవ్‌లాక్ అనే అంటారు. జెట్టీకి దగ్గర్లోనే ది వాల్ అనే డైవ్ సైట్ ఉంది. పేరుకు తగ్గట్టే గోడలా లోతుకు దిగిపోయే పగడాల దిబ్బ. నాకు అనుమతి ఉన్నది 18 మీటర్ల వరకే కాబట్టి మేము 16 మీటర్ల దగ్గరే పక్కగా సాగుతున్నాం. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. మొదటి పది నిమిషాలు నా జీవితంలోకెల్లా మంచి పది నిమిషాలు.

తర్వాత నీటి వాలు మారింది, నన్ను గోడ వైపు నెట్టసాగింది. అలాంటప్పుడు ఆగాలి, వెనక్కి రావాలి. కప్ప ఈతలా పాదాలు పక్కలకు తిప్పి నెడితే నెమ్మదిగా, ఇసుక లేవకుండా కదలవచ్చు. దాన్నే తిరగేసి చేస్తే వెనక్కి పోవచ్చు. కోర్సులో రెండూ చూపించారు, గట్టి బ్లేడుతో నాకు బాగానే వచ్చాయి. ఆ రోజు ఎంత నెట్టినా నీరు కాలికి తగల్లేదు. చీలిక విచ్చుకుని నీరంతా మధ్యలోంచి జారిపోయింది. స్ప్లిట్ ఫిన్ అనేది కాళ్ళు పైకీ కిందికీ ఆడిస్తూ నేరుగా ముందుకు పోవడానికి చేసిన వస్తువు. పక్కకు, వెనక్కి నెట్టడానికి దాంట్లో బలం లేదు. ఆ సంగతి నాకు 16 మీటర్ల లోతులో తెలిసింది.

కంగారులో గట్టిగా కొట్టడం మొదలుపెట్టాను. తర్వాత కొన్న బూటీలు వేసుకున్నా ఆ లార్జ్ ఫిన్‌లో పాదం వదులుగానే ఉంది కదా, ఫిన్ జారిపోకుండా వేళ్ళు ముడుచుకుని పట్టుకుంటున్నాను. ఆ సంగతి నాకే తెలియదు. ముందు అరికాలు లాగింది, తర్వాత కుడి పిక్క బిగుసుకుపోయింది. ఫిన్ కొస పట్టుకుని నా వైపు లాక్కుని కండరం సాగదీయాలని వంగేలోపల, ఎడమ ఫిన్ పగడాలకు తగిలింది. కొమ్ముల్లా ఉన్న ఒక గుత్తి విరిగింది. విరిగిన ముక్క నెమ్మదిగా కిందికి రాలిపోవడం నా కళ్ళతో చూశాను.

నీళ్ళలో మాకు దారి చూపే డైవ్ మాస్టర్ వెనక నుంచి వచ్చి నా గాలి ట్యాంకు వాల్వు పట్టుకున్నాడు. ఇక వదల్లేదు. మిగిలిన డైవంతా, ఇరవై నిమిషాలపాటు, నన్ను మూటలా లాక్కుంటూ తిప్పాడు. నేను చేత్తో ఓకే సైగ చేశాను, చూడలేదు. పక్కన వెళుతున్న జంట నన్ను చూసి ఒకరికొకరు సైగ చేసుకున్నారు. మాస్కులో కన్నీళ్ళు వస్తే తుడుచుకోవడానికి ఉండదు.

పడవ ఎక్కాక ఎనిమిది మంది ముందు హిందీలో అన్నాడు: "మేడం, ముందు ఈత నేర్చుకుని రండి. పగడాల మీద ప్రాక్టీస్ చెయ్యకండి." నేను జవాబు చెప్పలేకపోయాను. పగడం విరిచింది నేనే. బండల్లా ఉండే పగడాలు ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూ మాత్రమే పెరుగుతాయి. కొమ్ముల రకం త్వరగా పెరిగినా మళ్ళీ గుత్తి కట్టాలంటే ఏళ్ళు పడుతుంది. 2010లో నీరు వేడెక్కి అండమాన్ పగడాలు తెల్లబడి ఎంతో చచ్చిపోయాయి. బతికి బట్టకట్టిన వాటిలో ఒకటి నా కాలి కింద పోయింది. చట్టంలో పులికి ఉన్న రక్షణే పగడానికీ ఉంది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. కానీ ఈత రాదన్న మాట మాత్రం అబద్ధం. పైగా బయలుదేరే ముందు నా ఫిన్స్ సరిపోయాయో లేదో ఒక్కసారి వంగి చూడటం అతని పనే. ఎనిమిది మందిలో ఎవరి కాలూ చూడలేదు.

చూసినవాడు ఇంకొకడు ఉన్నాడు. ట్యాంకులు అందించే కుర్రాడు. నేను ఫోన్‌లో తెలుగులో మాట్లాడటం విని దగ్గరికొచ్చాడు. పుట్టింది పోర్ట్ బ్లెయిర్‌లోనే, తాతగారిది శ్రీకాకుళం వైపు. "అమ్మా, ఈత మీకు బాగానే వచ్చు. ఫిన్ లోపల కాలు ఆడిపోతంది, సూసుకోండి" అన్నాడు. నా చేత బూటీ, ఫిన్ తొడిగించి, కూర్చోబెట్టి, పాదం పక్కకు తిప్పమన్నాడు. పాదం తిరిగాక కాసేపటికి బ్లేడు తిరిగింది. "సూశారా, అది మీ కాలితోపాటే తిరగాల" అన్నాడు. 14,500 పుచ్చుకున్నవాళ్ళు చెప్పని మాట అది.

వైజాగ్ వచ్చాక షాపుకు ఫోన్ చేస్తే, వాడిన వస్తువు వెనక్కి తీసుకోం అన్నారు. అంతే.

ఈసారి షాపుకు పోలేదు. ఇక్కడ నాకు తెలిసిన ఒక ఇన్‌స్ట్రక్టర్‌ని బతిమాలి, ఆయన దగ్గరున్నవన్నీ పూల్‌లో వేసుకుని చూశాను. 25 మీటర్ల పూల్, ప్రతి జతతో పది రౌండ్లు, ఎన్ని కిక్కులో లెక్క పెట్టుకున్నాను.

జెట్ ఫిన్స్ మీద నాకు చాలా ఆశ ఉండేది. 1960ల నుంచి ఉన్న మోడల్, పొట్టిగా, మందంగా, మధ్యలో రంధ్రాలతో, మొత్తం రబ్బరే. అనుభవం ఉన్నవాళ్ళు చాలామంది అవే వేసుకుంటారు. వెనక్కి పోవడం వాటితో బ్రహ్మాండంగా వచ్చింది. కానీ బరువు ఎక్కువ, నీళ్ళలో మునుగుతాయి. చలి దేశాల్లో డ్రై సూట్ (లోపలికి నీరు రానివ్వని సూట్) వేసుకునేవాళ్ళకు కాళ్ళలో గాలి చేరి పైకి తేలుతాయి కాబట్టి వాళ్ళకు ఆ బరువు కావాలి. మన 28 డిగ్రీల నీళ్ళలో పల్చటి సూట్‌తో ఉన్న నా కాళ్ళు ముందే కిందికి వాలతాయి. ఆ ఫిన్స్‌తో ఇంకా వాలాయి, మర్నాడు తొడలు కదల్లేదు. పైగా 15 కిలోల లగేజీలో జతకే మూడు కిలోల దాకా పోతే మిగతావి ఎక్కడ పెట్టాలి?

చివరికి తీసుకున్నది మామూలు పాడిల్ ఫిన్స్. చీలిక లేని బ్లేడు, మరీ గట్టిది కాదు, అంచుల్లో గట్టి పక్కటెముకలు. మీడియం సైజు, నా బూటీలు వేసుకునే చూశాను. పాదం తిప్పితే బ్లేడు తోడే తిరిగింది. స్ప్లిట్‌తో 31 కిక్కులు పట్టిన దూరం వీటితో 22కి వచ్చింది. వెనకాల రబ్బరు పట్టీ తీసేసి స్టీలు స్ప్రింగ్ పట్టీ వేయించాను. ఊగే పడవలో తడి వేళ్ళతో బకిల్ బిగించుకోవడం ఎంత తలనొప్పో అనుభవించినవాళ్ళకు తెలుస్తుంది. దీనికి ఒక్క లాగు చాలు. ఇంకేమీ మార్చుకోకపోయినా ఇది మార్చుకోండి.

స్ప్లిట్ ఫిన్స్ మా పిన్ని కూతురికి ఇచ్చాను. దానికి మోకాలి ఆపరేషన్ అయింది, నీటి మీదే స్నార్కెలింగ్ చేస్తుంది, పాదం నాకన్నా వెడల్పు. దానికి హాయిగా ఉన్నాయట. వస్తువులో లోపం లేదు, నాకు అంటగట్టడంలోనే ఉంది.

మొన్న ఆ షాపు నుంచి ఫోన్ వచ్చింది, కొత్త సరుకు దిగిందని. "నీళ్ళలో వేసుకుని చూడనిస్తారా?" అని అడిగాను. కుదరదన్నారు. పెట్టేశాను.