బంతి

"భయ్యా, బాల్!" అని మావాడు అరిచాడు. ఆ పిల్లాడు బంతి తియ్యకపోగా రెండడుగులు వెనక్కి జరిగాడు.

టోలిచౌకిలో ఫిజియోథెరపీ సెంటర్ బయట, ఈ సాయంత్రం. యెమెన్ నుంచి చికిత్సకి వచ్చారట. వాళ్ల నాన్న సగం హిందీలో, సగం సైగల్లో చెప్పాడు: కింద పడున్నది ఏదీ ముట్టుకోవద్దు, అక్కడ పిల్లలకి ముందు నేర్పేది అదే. వీడు ఒకసారి ముట్టుకున్నాడు. రిబ్బన్ ఉన్న చిన్న డబ్బా.

కుడిచేతికి ఇప్పుడు రెండే వేళ్లు. వాటితోనే ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచుకుని తింటున్నాడు, ముక్క కూడా జారకుండా. (నాకైతే ఎప్పుడూ సగం గ్లాసులోనే మునిగిపోతుంది.)

క్లస్టర్ బాంబు గాల్లో విచ్చుకుని అలాంటి డబ్బాల్లాంటి చిన్న బాంబుల్ని చల్లుతుంది. పేలనివి ఏళ్ల తరబడి పొలాల్లో పడుంటాయి. వచ్చింది సైనికుడో బడిపిల్లాడో వాటికేం తెలుసు? వీటిని నిషేధిస్తూ 2008లో ఒప్పందం వచ్చింది, వందకి పైగా దేశాలు చేరాయి. మందుపాతరలకి 1997లోనే వచ్చింది. రెండింట్లోనూ మన సంతకం లేదు. సరిహద్దు టెన్షన్ అంటారు. ఉందే అనుకోండి, అయినా...

ఇంటికొచ్చి మా ఎంపీకి మెయిల్ పెట్టాను, పార్లమెంటులో కనీసం ఒక్క ప్రశ్న అడగమని. జవాబు మీద పెద్ద ఆశ లేదు.

"బాల్ మనమే వెళ్లి తెచ్చుకున్నామని కూడా రాయి నాన్నా" అన్నాడు మావాడు. రాశాను.