ఆ ఫోను ఎవరి చేతిలో ఉంది?

విజయనగరంలో నా క్లినిక్‌కు వచ్చే ఒక పెద్దాయన పోయిన చలికాలంలో కళ్లు తిరిగి గుమ్మం దగ్గర పడిపోయాడు. వాళ్ల ఊరు చీపురుపల్లి అవతల. బీపీ మాత్ర మార్చాను, పాతది మానేయమని మెసేజ్ పెట్టించాను. ఆయన పాతదీ కొత్తదీ రెండూ వేసుకున్నాడు. మెసేజ్ చేరిందని మా కంప్యూటర్‌లో పచ్చ టిక్కు కనిపిస్తూనే ఉంది. చేరింది విశాఖలో చదువుకుంటున్న మనవడి ఫోనుకు, అదీ ఇంగ్లీషులో. దెబ్బ చిన్నదే, కోలుకున్నాడు. నాకు మాత్రం చాలా రాత్రులు ఆ పచ్చ టిక్కే కళ్ల ముందు మెదిలింది.

మెడికల్ కాలేజీలో నా జూనియర్ ఒకమ్మాయి శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో, కవిటి దగ్గర, క్లినిక్ నడుపుతోంది. జరిగింది చెబితే, "అక్కా, ఇది ఫోనులో మాట్లాడుకునేది కాదు. రెండు రోజులు వచ్చి నాతో తిరుగు" అంది. ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున్నే పలాస వెళ్లే రైలెక్కాను.

పొందూరు దాటాక నాగావళి, ఆమదాలవలస దాటాక వంశధార. రెండింట్లోనూ ఇసుకే ఎక్కువ, నీళ్లు సన్నని పాయలుగా ఉన్నాయి. ఎదురు సీట్లో ఒకావిడ ఒళ్లో ప్లాస్టిక్ కవరు, దాని నిండా రిపోర్టులు. విశాఖలో పెద్ద డాక్టరుకు చూపించుకుని వస్తున్నారట. నేను డాక్టరునని ఆవిడకు తెలియదు. కళ్లజోడు ఉంది కాబట్టి చదువుకున్నదాన్ని అనుకున్నట్టున్నారు. ఒక కాగితం తీసి, "ఇదేటి రాసినారో సూడు తల్లీ" అన్నారు. అంతకుముందే ఇద్దరు కుర్రాళ్లకు చూపించారట. "క్రియాటిన్ 3.2 వచ్చినాది" అని అంకె మాత్రం తడుముకోకుండా చెప్పారు. ఉద్దానం వాళ్లందరి నోటా ఆ మాట ఉప్పూ పప్పూ అన్నంత మామూలుగా వస్తుంది. రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం ఎంతుందో చెప్పే ఆ అంకె పెరిగితే కిడ్నీ రక్తాన్ని శుభ్రం చేయడం తగ్గుతోందని అర్థం. ఆ సంగతి మాత్రం ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఏ మాత్ర దేనికో, ఏది తినకూడదో నౌపడ దగ్గర ఉప్పుమడులు కనబడేదాకా చెబుతూనే ఉన్నాను. పూండి వచ్చేసరికి మాటలు ఆపి కాగితం మీద గుర్తులు పెట్టడం మొదలుపెట్టాను. పొద్దుటి మాత్రకు సూర్యుడు, రాత్రి మాత్రకు చంద్రుడు.

పలాసలో దిగగానే జీడిగింజలు కాలుస్తున్న వాసన. అక్కడి నుంచి బస్సు. ఎడమవైపు దూరంగా మహేంద్రగిరి, రోడ్డుకు రెండు వైపులా కొబ్బరి, జీడిమామిడి, పనస. ఉద్యానవనం అనే మాటే ఉద్దానం అయిందంటారు, చూస్తే నమ్మాలనిపిస్తుంది. ఇంత పచ్చటి చోట ఇన్ని ఇళ్లలో కిడ్నీ జబ్బు ఎందుకొచ్చిందో ఏళ్ల తరబడి పరిశోధించినా ఇంకా తేలలేదు. తాగే నీరు, ఎండలో పని, ఒంట్లో నీరు తగ్గడం, నొప్పి మాత్రలు, ఇలా ఎన్నో అనుమానాలు ఉన్నాయి. వంశధార మీది హిరమండలం జలాశయం నుంచి పైపుల్లో నీరు తెచ్చే పథకాన్నీ, పలాసలో 200 పడకల ఆసుపత్రినీ, కిడ్నీ పరిశోధన కేంద్రాన్నీ 2023 డిసెంబరులో ప్రారంభించారు. అవి కావలసినవే. అయితే ఆసుపత్రిలో డాక్టరు చెప్పిన మాట ఊళ్లో వంటగది దాకా ఎలా వెళుతుంది? నేను వచ్చింది అందుకే.

జూనియర్ క్లినిక్ రెండు గదులు, ముందు పెద్ద పనసచెట్టు. ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఏదో ఉంటుందనుకుని వెళ్లాను. ఆమె చూపించింది ఒక మామూలు స్మార్ట్‌ఫోను, ఒక లాంగు నోటుబుక్కు. నోటుబుక్కులో ప్రతి రోగి పేరు పక్కన నాలుగు గళ్లు ఉన్నాయి. ఫోను ఎవరిది, అది రాత్రిపూట ఇంట్లో ఉంటుందా, మాత్రలు చేతికిచ్చేది ఎవరు, ఇంట్లో మాట్లాడే భాష ఏది. నా క్లినిక్‌లో అయిదేళ్లుగా అడుగుతున్నది పది అంకెల నంబరొక్కటే.

"మొదట్లో నేనూ కంప్యూటర్‌తో కాల్స్ పెట్టించాను అక్కా. తెలియని నంబరు, మెషీన్ గొంతు. లోన్ వాళ్లనుకుని, ఓటీపీ అడుగుతారనుకుని కట్ చేసేసేవాళ్లు" అంది. ఇప్పుడు ఆమె ఒకే నంబరు నుంచి తన గొంతుతోనే వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడుతుంది. ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లినప్పుడు ఆ నంబరును రోగి ఫోనులో సేవ్ చేసి, పనసచెట్టు ఫోటో పెడుతుంది. చదువు రాని వాళ్లు కూడా చెట్టు కనబడితే డాక్టరమ్మ అని ఎత్తుతారు.

ఆ మెసేజుల్లో కిడ్నీ అనే మాట గానీ, డయాలసిస్ అనే మాట గానీ ఎక్కడా వినబడదు. "మీ కొత్త మాత్ర" అంటుంది, "మీ మంగళవారం" అంటుంది. ఎందుకని అడిగాను. "ఇక్కడ మెసేజ్‌ని స్పీకర్‌లో పెట్టి అరుగు మీద కూర్చుని వింటారక్కా. ఇంట్లో పెళ్లి కావలసిన పిల్ల ఉంటుంది. జబ్బు పేరు వీధిలో వినబడితే వచ్చిన సంబంధం వెనక్కి పోతుంది" అంది. రోగి రహస్యం కాపాడాలని చదువుకున్నవాళ్లమే ఇద్దరమూ. దానికి అరుగుతోనూ, పెళ్లి సంబంధంతోనూ ముడి ఉందని నాకు అక్కడే తెలిసింది.

ఆదివారం ఆశా కార్యకర్తతో కలిసి ఇళ్లకు తిరిగాం. మొదటి ఇంటాయన కొబ్బరి తోట రైతు, వారానికి రెండు సార్లు డయాలసిస్‌కు వెళుతున్నాడు. కొబ్బరినీళ్లు కిడ్నీకి మంచివని ఊళ్లో నమ్మకం. రక్తంలో పొటాషియం పెరిగిన వాళ్లకు అవే గుండెకు ప్రమాదం. అందుకని జూనియర్ అంతకుముందే మెసేజ్ పెట్టింది. ఇప్పుడు ఎదురుగా కూర్చుని, "అన్నా, నేనేం చెప్పానో మీరు మళ్లీ చెప్పండి" అంది. "కొబ్బరినీళ్లు తాగొద్దని సెప్పినారు. మానీసినాను" అన్నాడాయన గట్టిగా. ఇంతలో లోపల్నుంచి భార్య, "పచ్చడి మాత్రం రోజూ తింతన్నాడమ్మా" అంది. పచ్చికొబ్బరిలోనూ పొటాషియం ఉంటుంది. మెసేజ్‌లో నీళ్లని చెప్పారు కాబట్టి నీళ్లు మానేశాడు. ఆయన తప్పేమీ లేదు. మళ్లీ చెప్పించుకోకపోతే ఆ పచ్చడి సంగతి ఎప్పటికీ బయటపడేది కాదు.

ఇచ్ఛాపురం వైపు ఇంకో ఇంట్లో కొడుకు గుజరాత్‌లోని వెరావల్‌లో చేపల బోటు మీద ఉన్నాడు. ఆసుపత్రి చీటీ మీద ఉన్నది అతని నంబరే. సముద్రం మీదుంటే రోజుల తరబడి సిగ్నల్ ఉండదు. తల్లికి మాత్రలిచ్చేది కోడలు, ఆమెది బరంపురం, ఇంట్లో మాట్లాడేది ఒడియా. ఆశా కార్యకర్తకు రెండు భాషలూ వచ్చు. డాక్టరు తెలుగులో చెప్పింది విని తన గొంతుతో ఒడియాలో రికార్డు చేసి కోడలి ఫోనుకు పంపింది. అది వింటూ ఆ కోడలు మొదటిసారి తలెత్తి మా వైపు చూసింది.

సోమవారం పొద్దున్న ఊళ్లోని హెల్త్ క్లినిక్‌లో ఈ-సంజీవని చూశాను. కేంద్రం 2019 నవంబరులో మొదలుపెట్టిన టెలిమెడిసిన్ సేవ అది. ఊళ్లో ఉన్న ఆరోగ్య సిబ్బంది ట్యాబ్ పట్టుకుంటే దూరంగా ఉన్న డాక్టరు తెరమీద మాట్లాడతాడు. తెరమీద డాక్టరు "సాల్ట్ బాగా తగ్గించాలి" అన్నాడు. ముసలాయన తల ఊపాడు. పక్కనున్న అమ్మాయి, "తాతా, ఎండుచేప మానీయాలంట" అంది. ఆయన మొహం ఒక్కసారిగా మారిపోయింది. మాట అప్పుడు చేరింది. ఆ అమ్మాయి లేకపోతే ఆ వీడియో ఎంత స్పష్టంగా ఉన్నా ఏం లాభం?

2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలను నేను లాక్‌డౌన్‌లో చదివాను. ఫోనులో, వీడియోలో, మెసేజ్‌లో వైద్యం చెప్పవచ్చన్నది గుర్తుంది. అవతల ఉన్నది ఎవరో డాక్టరు తెలుసుకోవాలని కూడా అందులో ఉంది. దాన్ని పేరూ వయసూ అడిగే తంతుగా తీసిపారేశాను.

జూనియర్‌తో ఒక్క విషయంలో నాకు కుదరలేదు. ఆమె రాత్రి పదింటిదాకా మెసేజులు రికార్డు చేస్తూ కూర్చుంటోంది. గొంతు బొంగురుపోయింది. తారీఖులు గుర్తు చేసే పని మెషీన్‌కి ఇచ్చేసి, మందు మార్పులు మాత్రమే నువ్వు చెప్పమన్నాను. "మెషీన్ కాల్ వస్తే నా నంబరు మీద నమ్మకం పోతుంది" అంది. వేరే నంబరు పెట్టమన్నాను. ఆలోచిస్తానంది. ఆమె ఆరోగ్యం గురించి నాకు ఇంకా బెంగగానే ఉంది.

నోటుబుక్కు ఎందుకు, అన్నీ ఫోనులోనే పెట్టుకోవచ్చు కదా అంటే తిత్లీ తుపాను సంగతి చెప్పింది. 2018 అక్టోబరులో పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరిచెట్లు వరసగా కూలాయి, రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. ఎవరి ఇల్లు ఎక్కడో, ఎవరికి డయాలసిస్ ఏ రోజో కాగితం మీద ఉంటేనే మనిషిని పంపగలం అంది.

సాయంత్రం పలాస ప్లాట్‌ఫాం మీద కూర్చుని చీపురుపల్లి పెద్దాయనకు నేనే ఫోను చేశాను. అమ్మవారి పండగకు మనవడు ఇంటికొచ్చి ఉన్నాడు, ఫోను తాతకు ఇచ్చాడు. "పెద్దయ్యా, నేను డాక్టరమ్మని. ఏ మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నారో నాకొకసారి చెప్పండి" అన్నాను. తెల్లది పొద్దున్న, గులాబీ రంగుది మానేశానని నిదానంగా చెప్పాడు. తర్వాత కాసేపు ఆగి, "ఈ ఫోను మా గుంటడిదమ్మా, రేపు ఎల్లిపోతాడు. పక్కింటి కోడలు మంచి పిల్ల, నాకు మాత్రలు అదే తీసిస్తాది. దాని నంబరు రాసుకుంటావా?" అన్నాడు.

రైలు వస్తున్నట్టు మైకులో చెబుతున్నారు. ఆ గోలలో వినబడక రెండుసార్లు చెప్పించుకుని, టికెట్ వెనక రాసుకున్నాను.