ప్రొటెస్టు వేశాం, మ్యాచ్ మళ్ళీ ఆడుతున్నాం

నిన్న సాయంత్రం ఉత్తర్వు చేతికొచ్చింది. మా ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్ మళ్ళీ ఆడించాలట. ప్రొటెస్టు, అంటే ఫలితం మీద రాతపూర్వక ఫిర్యాదు, వేస్తే చెత్తబుట్టలోకే అన్నవాళ్ళంతా ఇది చదవాలి.

పెనాల్టీ బాక్సులో మా కుర్రాడు బంతిని తలతో కొట్టబోతుంటే డిఫెండర్ లేపిన బూటు నుదుటికి తగిలి చిట్లింది. రిఫరీ చెయ్యి పైకెత్తి ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్ (నేరుగా గోల్ కొట్టడానికి వీల్లేనిది) అన్నాడు. ఎదుటి జట్టంతా గోల్ లైను మీద గోడ కట్టి ఆపేసింది. ఒక్క గోల్ తేడాతో ఓడిపోయాం. ఫుట్‌బాల్ ఆట నిబంధనల్లో పన్నెండోదానిలో స్పష్టంగా ఉంది: కాలు ప్రమాదకరంగా లేచి ఎవరికీ తగలకపోతేనే ఇన్‌డైరెక్ట్. తగిలితే డైరెక్ట్ ఫ్రీకిక్, బాక్సులో అయితే పెనాల్టీ.

ఫీజు కట్టి గడువులోగా కాగితం ఇచ్చేశాం. నరకమంతా లీగ్ ఆఫీసులోనే. అక్కడి పెద్దమనిషి కాగితం విప్పనైనా విప్పకుండా, నన్ను నిలబెట్టే, ‘‘రిఫరీ మాటే ఫైనల్. ఐదో నిబంధన చదువుకుని రండి మాస్టారూ’’ అన్నాడు, మా పిల్లల ఎదుటే. మైదానంలోనే జుట్టు నెరిసినవాణ్ణి. ఆ మాట ఇంకా మండుతూనే ఉంది.

ఐదో నిబంధన నాకు కంఠతా వచ్చు. ఆటలో ఏం జరిగిందన్న విషయంలో రిఫరీ మాటకు తిరుగులేదు. 2010 ప్రపంచ కప్ ఫైనల్లో నెదర్లాండ్స్ ఆటగాడు డి యోంగ్ బూటు స్పెయిన్ ఆటగాడు అలొన్సో ఛాతీకి తగిలితే రిఫరీ హోవర్డ్ వెబ్ పసుపు కార్డుతో సరిపెట్టాడు. తనకు సరిగా కనబడలేదని, ఎర్ర కార్డు ఇవ్వాల్సిందని తర్వాత ఆయనే చెప్పాడు. ఫలితం మాత్రం మారలేదు. మా రిఫరీకి అన్నీ కనబడ్డాయి. ‘కాలు నుదుటికి తగిలింది’ అని నివేదికలో తానే రాశాడు. తగిలిందని రాసి ఇన్‌డైరెక్ట్ ఇచ్చాడంటే నిబంధన తెలియదనే అర్థం. ఇది కంటిచూపు తప్పు కాదు, నిబంధన తప్పు. 2005లో ఉజ్బెకిస్తాన్-బహ్రెయిన్ ప్రపంచ కప్ అర్హత మ్యాచ్‌ను ఫిఫా మళ్ళీ ఆడించింది ఇలాంటి తప్పుకే. ఉజ్బెకిస్తాన్ పెనాల్టీ గోలైనా, కొట్టినవాడి సహచరుడు ముందే బాక్సులోకి దూరాడని రిఫరీ ఎదుటి జట్టుకు ఇన్‌డైరెక్ట్ ఇచ్చాడు. నిబంధన ప్రకారం ఆ పెనాల్టీ మళ్ళీ కొట్టించాల్సింది.

నివేదికలోని ఆ వాక్యం కింద ఎర్రగీత గీసి లీగ్ కమిటీ ముందు పెట్టాను. ఇక వాళ్ళకు మాట్లాడటానికి ఏమీ మిగల్లేదు.

మీరూ రిఫరీ నివేదిక నకలు పట్టుబట్టి తీసుకోండి. ఫోను వీడియోలు చూపించి వాదించకండి, తగాదా మళ్ళీ రిఫరీ కంటిచూపు మీదికే పోతుంది. ఆఫీసులో ఏదీ నోటిమాటగా చెప్పకండి, రాసిచ్చి ముద్ర వేయించుకోండి.

ఫీజు వాపసు ఇవ్వాలని ఉత్తర్వులోనే ఉంది. ‘‘వచ్చే నెల చూద్దాం’’ అంటున్నాడు ఆ పెద్దమనిషే. రేపు పొద్దున్నే వెళ్తున్నాను.