పగలు ఉండి రాత్రి మాయమైన గేటు కెమెరా

మా బావకు పర్లాకిమిడిలో, పాతపట్నం వెళ్లే రోడ్డు మీద రైస్ మిల్లు ఉంది. మార్గశిరం వచ్చిందంటే ధాన్యం లారీలు గేటు బయట బారులు తీరతాయి. లారీల లెక్క తేలడం లేదని పోయినేడు ఆరు కెమెరాలు పెట్టించాడు. అయిదు మామూలువి, గేటు దగ్గరది మాత్రం అటూ ఇటూ తిరిగేది. కరెంటు వైరు విడిగా లాగక్కర్లేదు, నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటూ వస్తుందనగానే బావ సంబరపడిపోయాడు.

పగలంతా బాగానే ఉండేది. చీకటి పడ్డాక గేటు కెమెరా ఆగిపోయేది. రెండు నిమిషాలకు లేచేది, మళ్లీ పడిపోయేది. "ఒరే, నువ్వు కంప్యూటర్లు చదివావు కదా, దీని సంగతేంటో చూడు" అని బావ ఫోన్. శనివారం శ్రీకాకుళంలో బస్సెక్కాను.

ముందు కెమెరా మీదే అనుమానం. విప్పి ఆఫీసు గదిలో చిన్న కేబుల్ ముక్కతో పెడితే తెల్లవార్లూ పనిచేసింది. కెమెరాల కేబుళ్లన్నీ కలిసే, వాటికి కరెంటు పంపే పెట్టె (స్విచ్)లో పోర్టు మార్చాం, అదీ కాదు. కేబుల్ వేసిన కుర్రాడు టెస్టర్ తెచ్చి పెట్టాడు. ఎనిమిది లైట్లూ వరసగా వెలిగాయి. "వైరు పర్ఫెక్ట్ అన్నా" అన్నాడు. ఆ లైట్లు నమ్మి ఒక రోజు పోగొట్టుకున్నాను. తీగ తెగలేదని మాత్రమే అది చెబుతుంది. అందులో కరెంటు గట్టిగా పారితే ఏమవుతుందో దానికేం తెలుసు?

చీకట్లో కెమెరా ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలుగుతాయి. దానికి తోడు మోటారు తిరిగితే ఇది 22 వాట్ల దాకా లాగుతుంది. నెట్‌వర్క్ కేబుల్‌లో కరెంటు పంపడానికి 2009లో వచ్చిన 802.3ఏటీ ప్రమాణం ప్రకారం నడిచే రకమిది. స్విచ్ 30 వాట్లు పంపితే దారి ఖర్చు పోను 25.5 చేరుతుందని అందులో లెక్క. మరి మా దారి ఖర్చెంత?

గేటు చివర ఒక జత తీగలను మెలిపెట్టి, ఆఫీసు చివర మల్టీమీటర్ పెట్టాను. 85 మీటర్లకు తీగ నిరోధం 31 ఓంలు! 24 గేజు (తీగ మందం కొలత) రాగి అయితే 14, 15 ఉండాలి. కరెంటు ఒక జత మీద వెళ్లి ఇంకో జత మీద తిరిగొస్తుంది, జతలో రెండు తీగలూ కలిసి మోస్తాయి. కాబట్టి అసలు లెక్కకు వచ్చేది అందులో సగం, 15 ఓంల పైచిలుకు. అర ఆంపియర్ లాగినప్పుడు దాదాపు 8 వోల్టులు గోడ పొడవునా కరిగిపోతున్నాయి. స్విచ్ దగ్గర 48, గేటు దగ్గర 40. కెమెరాకు కనీసం 42.5 అందాలి.

బ్లేడుతో తీగ గీకితే పైన ఎర్రగా, లోపల తెల్లగా ఉంది. అల్యూమినియం మీద రాగి పూత. డబ్బా మీద చిన్న అక్షరాల్లో సీసీఏ (కాపర్ క్లాడ్ అల్యూమినియం) అని ఉందట, ఎవరూ చదవలేదు. బావ నమ్మక ధాన్యంలో ఇనుప ముక్కలు ఏరే అయస్కాంతం తెచ్చి తీగ దగ్గర పెట్టాడు. అది అంటుకోలేదని "రాగే కదా!" అన్నాడు. అల్యూమినియాన్నీ అయస్కాంతం లాగదు బావా అని చెప్పేసరికి నాకు ఓపిక అయిపోయింది.

కొత్త కేబుల్‌కు బరంపురం వెళ్లాం. కొట్టాయన ఎక్కువ వేగానికి వాడే క్యాట్ 7 రకం కేబుల్ తీసుకోమన్నాడు. కెమెరాకు అంత వేగం దేనికి? నేను అడిగింది మూడే: తీగ మొత్తం రాగి, గేజు 24 లేదా 23 (అంకె తగ్గేకొద్దీ తీగ లావు), పైన ఎండకు పగలని నల్ల పాలిథీన్ తొడుగు. పాత కేబుల్‌కు లోపల వాడే మామూలు పీవీసీ తొడుగు, ఒక్క వేసవికే నెర్రెలిచ్చింది. 305 మీటర్ల డబ్బాలు రెండు రకాలవీ ఎత్తి చూశాను. రాగిది ఎత్తడానికి రెండు చేతులూ కావాల్సి వచ్చింది. ధర ఇంచుమించు రెట్టింపు. బావ బేరమాడాడు కానీ పెద్దగా తగ్గలేదు. డబ్బిచ్చే ముందు కొస కాస్త గీకి చూపించమన్నాను, కొట్టాయన మొహం మాడ్చుకుని చూపించాడు.

మధ్యలో అతుకు లేకుండా ఒకే ముక్కగా లాగించాం. మీటర్ పెడితే 14 చిల్లర. ఆ రాత్రి కెమెరాను కావాలని గంటసేపు తిప్పుతూ కూర్చున్నాను, ఒక్కసారీ ఆగలేదు.

మిగతా అయిదు కెమెరాల కేబుళ్లు పాతవే. అన్నీ 30 మీటర్ల లోపు, తక్కువ కరెంటు లాగేవి కనక నడుస్తున్నాయి. ధాన్యం సీజన్ అయ్యాక మార్చుదామన్నాను. బావ సరేననలేదు, కాదనలేదు.