అమ్మ వేలిముద్ర పడక: మా ఈ-కేవైసీ అనుభవం

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా రేషన్ కార్డు మీద ఐదుగురి పేర్లున్నాయి. మనిషికి 5 కిలోల లెక్కన నెలకి 25 కిలోల బియ్యం. 2013 ఆహార భద్రత చట్టం ఇచ్చిన హక్కు అది, 2023 జనవరి నుంచి ఉచితం కూడా. కార్డులో పేరున్న ప్రతి ఒక్కరూ మిషన్ మీద వేలు పెట్టి ఈ-కేవైసీ, అంటే ఆధార్‌తో గుర్తింపు సరిచూపించుకోవడం, చేయించుకోవాలి, లేదంటే పేరు తీసేస్తారని ఆర్డరొచ్చింది. నలుగురికి వెంటనే అయిపోయింది. అమ్మకి అవలేదు.

అమ్మ చిన్నప్పట్నుంచి పలాసలో జీడి పిక్కలు కొట్టిన మనిషి. పిక్క పగిలితే పెంకులోంచి కారే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. చేతులకి ఆముదం రాసుకున్నా, బూడిద పూసుకున్నా ఆగదు. బొటనవేళ్ళ మీద గీతలు ఎప్పుడో అరిగిపోయి, గోళ్ళ చుట్టూ నల్ల మరక మాత్రం మిగిలింది. రేషన్ డీలరు మంచివాడే. "మావుసీ (పిన్నీ), గట్టిగా నొక్కు" అంటూ ఒక్కో వేలూ పెట్టించాడు, సబ్బుతో కడిగించాడు, కొబ్బరినూనె రాయించాడు. ప్రతిసారీ మిషన్ కాదనే అంది. "ఏటి బాబూ, మొన్న నెల్లో నువ్వే కదా నా సంచీలో బియ్యం పోసినావు?" అని అమ్మ అడిగితే అతను తలదించుకున్నాడు. అతని చేతిలో ఏముంది?

ఆధార్ కేంద్రానికి వెళ్ళి వేలిముద్రలు మళ్ళీ తీయించాం. అరిగిన వేళ్ళని కొత్తగా ఫొటో తీస్తే గీతలు ఎక్కడినుంచి వస్తాయి? డబ్బు కట్టాం, రోజు కూలి పోయింది, డీలరు దగ్గర మళ్ళీ అదే సమాధానం. ఆ తర్వాత ఆఫీసుకి వెళ్తే దరఖాస్తు ఒడియాలో రాసి తెమ్మన్నారు. నాకు మాట్లాడటం వచ్చు, రాయడం అంతంతమాత్రం. పక్కింటి కుర్రాడు రాసిపెట్టాడు. చివరికి కంటిపాప (ఐరిస్) స్కాన్ చేసే మిషన్ ఉన్నచోటికి అమ్మని తీసుకెళ్తే, కళ్ళు పెద్దవి చేసి చూడమన్నారు. క్షణంలో అయిపోయింది. ఆ మిషనేదో మొదటిరోజే డీలరు దగ్గర ఉంటే ఇంత తిరుగుడు ఉండేది కాదు.

బోగస్ కార్డులు ఏరేయాలన్న ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. కానీ ఈ జల్లెడలో పడుతున్నది ఎవరు? జీడి పిక్కలు కొట్టేవాళ్ళు, రాళ్ళు మోసేవాళ్ళు, ముసలివాళ్ళు. దొంగతనం ఎక్కువగా జరిగేది తూకంలో. వేలిముద్ర సరిగ్గా పడ్డాక కూడా కిలో తక్కువ పోస్తే మిషన్ కనిపెట్టలేదు. జాన్ ద్రేజ్, రీతికా ఖేరా లాంటి ఆర్థికవేత్తలు ఏళ్ళ తరబడి చెబుతున్నది ఇదే. జార్ఖండ్‌లో ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ తదితరులు చేసిన అధ్యయనంలో, వేలిముద్ర తప్పనిసరి చేసినంత మాత్రాన సరుకు పక్కదారి పట్టడం తగ్గలేదు. ఆధార్ జత కాని కార్డులవాళ్ళకి అందేది మాత్రం 10 శాతం తగ్గింది. ఆ 10 శాతం ఎవరి కంచంలోదో ఆర్డరు రాసినవాళ్ళు ఆలోచించాలి కదా.

నిజానికి దారులు కాగితం మీద ఉన్నాయి. వేలు పడకపోతే ఐరిస్‌తోనో ఓటీపీతోనో చూడాలని, అవీ కుదరకపోతే రిజిస్టర్‌లో రాసుకుని సరుకు ఇవ్వాలని ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ 2017 అక్టోబర్‌లోనే సర్క్యులర్ ఇచ్చింది. ఆధార్ సరిపోలలేదన్న కారణంతో ఎవరికీ హక్కు ఆపకూడదని 2018 సెప్టెంబర్ 26 నాటి తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. మేం తిరిగిన ఏ కౌంటర్‌లోనూ ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. పేరు తీసేస్తామన్న హెచ్చరిక మాత్రం షాపు గోడ మీద పెద్దక్షరాలతో ఉంది. మీ ఇంట్లో ఎవరికైనా వేలు పడకపోతే ఊరికే వెనక్కి రాకండి. రిజిస్టర్‌లో ఎక్కించమని అడగండి, రాసి ఇచ్చిన కాగితానికి రసీదు తీసుకోండి.

మా వీధిలో ఒక అత్తకి వేలు పడదు, రెండు కళ్ళలోనూ శుక్లాలు, ఐరిస్ కూడా పట్టలేదు. ఫోన్ లేదు కాబట్టి ఓటీపీ మాటే లేదు. ఆవిడ పేరు తీయొద్దని మొన్న సోమవారం దరఖాస్తు పెట్టాం. జవాబు ఇంకా రాలేదు. ఈ నెల బియ్యం కూడా రాలేదు.