దిష్టిబొమ్మకి చెయ్యి ఊపిన హెలికాప్టర్

పొద్దున్నే ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ దగ్గరికి వచ్చేసరికి మా నడక ఆగిపోతుంది. గట్టు మీద కూర్చుని టీ తాగుతాం. మా బావమరిది ఫోన్లో వార్తలు పైకి చదువుతాడు, నేను వింటాను. ముప్పై ఏళ్లు డాక్‌యార్డులో చేసి రిటైరయ్యాడు కదా, రక్షణ శాఖ మొత్తం తన చేతిలోనే ఉందన్నట్టు మాట్లాడతాడు.

2025 మేలో ఓ రోజు, "ఏటి బావా, ఆయుధాలు కొనుక్కోమని యూరప్ వాళ్లు వాళ్ల దేశాలకి 150 బిలియన్ యూరోలు అప్పిస్తార్ట! 27 దేశాలు, 24 భాషలు. ఈళ్లంతా కలిసి యుద్ధం చేసేస్తారేటి?" అన్నాడు.

నా ఎడమ మణికట్టు మీద ఓ గీత ఉంది. అది చూపించి, "దీని సంగతి నీకెప్పుడైనా చెప్పానా?" అన్నాను.

2011 ఏప్రిల్. నేనో బల్క్ క్యారియర్‌లో, అంటే బొగ్గు, ధాన్యంలాంటి విడి సరుకు మోసే ఓడలో ఫిట్టర్ని. కాండ్లా నుంచి నిండా సరుకుతో సూయెజ్ వైపు పోతున్నాం. నిండు ఓడ అంటే డెక్కు నీళ్లకి దగ్గరగా ఉంటుంది, పైగా మా స్పీడు పన్నెండు నాట్లు, అంటే గంటకి ఇరవై రెండు కిలోమీటర్లు దాటదు. సోమాలియా పైరేట్లకి ఇంతకంటే ఏం కావాలి? నిచ్చెన తగిలించి ఎక్కేయడమే. ఆ ఏడాది జనవరి నాటికి 32 ఓడలు, 736 మంది మనుషులు వాళ్ల చేతిలో బందీలుగా ఉన్నారు.

సోమాలియాకీ యెమెన్‌కీ మధ్యనున్న ఏడెన్ గల్ఫ్ ఇంకా రెండు రోజులుందనగా పని మొదలైంది. రెయిలింగ్ చుట్టూ రేజర్ వైరు కట్టడం, ఇంజన్ రూమ్‌లో దాక్కోవడానికి తలుపులకి లోపలినుంచి అడ్డకమ్మీలు వెల్డింగ్ చేయడం. రేజర్ వైరు చుట్ట విప్పితే పాములా ఎగిరి పడుతుంది, గ్లోవ్స్ ఉన్నా లాభం లేదు. మణికట్టు మీద గీత దాని పుణ్యమే. ఆఖరున బోసన్, అంటే మా డెక్కు మేస్త్రీ, నా పాత బాయిలర్ సూట్ అడిగి తీసుకెళ్లి, అందులో గుడ్డపీలికలు కుక్కి, హెల్మెట్ పెట్టి దిష్టిబొమ్మను చేశాడు. దూరంనుంచి చూస్తే కాపలా మనిషిలా కనపడాలని.

గల్ఫ్‌లో ఓడలు నడవడానికి గీసిన దారి ఒకటుంది. స్పీడును బట్టి గుంపులు కట్టి, టైము చెప్పి పంపుతారు. రెండోరోజు పొద్దున్న రేడియోలో, ఛానల్ పదహారులో, స్పానిష్ యాస ఇంగ్లిషు వినపడింది. తాము యూరోపియన్ యూనియన్ యుద్ధనౌక అనీ, సిబ్బంది ఎంతమంది, ఏ దేశం వాళ్లు చెప్పమనీ. కాసేపటికి బూడిదరంగు హెలికాప్టర్ ఒకటి పక్కనుంచి కిందగా పోయింది. తలుపు దగ్గర కూర్చున్నవాడు చెయ్యి ఊపాడు. మాకు కాదు, నా బాయిలర్ సూట్ తొడుక్కున్న దిష్టిబొమ్మకి.

అప్పటిదాకా యూరోపియన్ యూనియన్ అంటే నాకు వీసా, యూరో నోట్లు, అంతే. వాళ్లకి యుద్ధనౌకలేమిటని ఆశ్చర్యపోయాను. తర్వాత లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని చదివాను. ఆ నౌకలు యూనియన్‌వి కావు, ఒక్కోటీ ఒక్కో దేశానిది. పని మాత్రం అందరిదీ. దాని పేరు ఆపరేషన్ అటలాంటా, 2008 డిసెంబర్‌లో మొదలైంది. అసలు ఉద్దేశం సోమాలియాకి తిండిగింజలు తీసుకెళ్లే ఓడలకి కాపలా కాయడం. మాలాంటి వాళ్లకి ఆ నీడ దొరికింది.

ఖర్చుల లెక్క చదివితే మా కార్తీకమాసం వనభోజనాలు గుర్తొచ్చాయి. బస్సు అద్దె అందరూ పంచుకుంటారు, ఎవరి క్యారేజీ వాళ్లు తెచ్చుకుంటారు. అక్కడా అంతే. ఆఫీసు ఖర్చులాంటివి ఉమ్మడి నిధిలోంచి, ఓడ, నూనె, జీతాలు పంపిన దేశం నెత్తిన. ఇంకో తమాషా ఏమిటంటే, ఆపరేషన్ నడిపే ఆ ఆఫీసు లండన్ దగ్గర నార్త్‌వుడ్‌లో ఉండేది. బ్రిటన్ యూనియన్ వదిలేస్తుందనగా 2019లో స్పెయిన్‌లోని రోటాకి మార్చారు. ప్రపంచంలోకెల్లా పెద్ద షిప్పింగ్ కంపెనీల్లో ఒకటున్న డెన్మార్కేమో, యూనియన్ సైనిక పనుల్లో మేం కలవమని ముందే రాయించుకుంది. దాంతో వాళ్ల యుద్ధనౌకలు అదే సముద్రంలో, అమెరికా కూడా ఉన్న సైనిక కూటమి నేటో తరఫున తిరిగాయి. 2022లో ఓటింగ్ పెట్టుకుని, మూడింట రెండొంతుల మంది సరేనన్నాక ఆ షరతు తీసేశారు.

మా బావమరిది ఎగతాళి పూర్తిగా తప్పని కూడా అనను. ఉమ్మడి సైన్యం కోసం 1952లో ఆరు దేశాలు సంతకాలు పెడితే, ఆ ఆలోచన మొదలుపెట్టిన ఫ్రాన్సే 1954లో తన పార్లమెంటులో పడగొట్టింది. అవసరమొస్తే వెంటనే పంపడానికి 1,500 మంది చొప్పున బ్యాటిల్ గ్రూపులనే దళాల్ని యూనియన్ తయారుచేసి 2007 నుంచి వంతులవారీగా సిద్ధంగా ఉంచారు, ఒక్కసారీ పంపలేదు. పంపాలంటే అందరూ ఒప్పుకోవాలి, ఖర్చు ఎక్కువగా ఆ వంతులో ఉన్న దేశమే మోయాలి. ఇక ఎవడు కదుల్తాడు? నా మటుకు నాకు, ఫలానా పని అని ముందు పెడితే వాళ్లు కలుస్తారు, సైన్యం అని పెడితే మీటింగులు పెట్టుకుంటారు. మరి 150 బిలియన్లు ఏ పని కోసమో తేల్చుకోకుండా ఖర్చుపెడితే, ఎవరి ఫ్యాక్టరీకి ఆర్డర్ రావాలన్న గొడవ తప్పదు.

ఇదంతా విని, "మనోళ్లేం చేశారో కూడా చెప్పు" అన్నాడు డాక్‌యార్డు రోషంతో. చెప్పాను. 2024 జనవరిలో ఏడెన్ గల్ఫ్‌లో మార్లిన్ లువాండా అనే ఆయిల్ ట్యాంకర్‌కి యెమెన్ హౌతీల మిస్సైల్ తగిలి మంటలొస్తే, ఆర్పడానికి వెళ్లింది మన ఊరి పేరున్న ఐఎన్‌ఎస్ విశాఖపట్నమే. ఓడలో 22 మంది భారతీయులు. తర్వాతి నెల 19న ఎర్రసముద్రంలో ఓడల కాపలా కోసం యూరప్ ఆస్పిడెస్ అని ఇంకో ఆపరేషన్ మొదలుపెట్టింది. సరిగ్గా ఆ రోజే ఇక్కడ వైజాగ్‌లో, మన నేవీ వేరే దేశాల నేవీల్ని పిలిచి చేసే మిలన్ విన్యాసాలు మొదలయ్యాయి. ఆ వారమంతా బీచ్‌రోడ్డు నిండా రకరకాల యూనిఫాంలే.

అప్పుడు మా మేనల్లుడు ఓ కంటెయినర్ షిప్‌లో థర్డ్ ఇంజనీర్. ఎర్రసముద్రంలో ఇప్పుడు యూరప్ నౌకలు కాపలా ఉన్నాయట కదా, ఆ దారినే వస్తున్నారా అని మెసేజ్ పెట్టాను. నాలుగు రోజులకి జవాబొచ్చింది. "లేదు మావయ్యా, కంపెనీ ఒప్పుకోలేదు. ఆఫ్రికా చుట్టూ తిరిగి వస్తున్నాం. పది, పన్నెండు రోజులు ఎక్స్‌ట్రా. అమ్మకి చెప్పు."